పున్‌రే గారి సీటు

మా మెట్ల మీద గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళదు. పై అంతస్తు నుంచి ముల్లంగి కిమ్చీ పచ్చడితో దిగిన గిన్నె, కింద నుంచి నాలుగు చిలగడదుంపలతో ఎక్కుతుంది. నాలుగు రోజులయ్యాక అదే గిన్నె గుప్పెడు ఎండుచేపలతో మళ్ళీ దిగుతుంది. కొరియాలో, దేగు నగరంలో మా పేటంతా ఇంతే. ఈ విషయంలో నేను అందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివాను. ఎవరి వస్తువైనా నా దగ్గర రెండో పూట ఉండటానికి వీల్లేదు. ఎవరికీ రుణపడి ఉండటం నాకు గిట్టదు. మా అత్తగారు దీన్ని పొగరంటారు, నేను పద్ధతి అంటాను. ఆ పద్ధతే పోయినేడాది శరదృతువులో నన్ను నిలువునా ముంచింది.

నాకు లాండ్రీ ఉంది. కింద షాపు, వెనక గదుల్లో ఇల్లు. మా ఆయన సరుకు ఓడల్లో వంటవాడు, ఏడాదికి తొమ్మిది నెలలు సముద్రం మీదే ఉంటాడు. కూతురు హ్యోజిన్‌కి ఉల్సాన్‌లో ఉద్యోగం. ఇంట్లో మిగిలింది నేనూ, ఎనభై నాలుగేళ్ళ మా అత్తగారూ. ఇరవై ఏడేళ్ళుగా నేను మరకలతో పోట్లాడుతున్నాను. సోయా పులుసు, ద్రాక్షసారా, నెత్తురు, పెళ్ళికూతురి లిప్‌స్టిక్, ఏదైనా సరే నా చేతిలో పడ్డాక బతికి బయటపడింది లేదు. ఇలా చెప్పుకోవడం గొప్పగా ఉంటుంది గానీ, ఆ గొప్పే తర్వాత నా కొంప ముంచింది.

వేసవి పోతూ పోతూ మా అత్తగారి ఆకలిని కూడా పట్టుకుపోయింది. డాక్టరు అన్నీ చూసి, "జబ్బేమీ లేదు, ఎలాగైనా తినిపించండి" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి డాక్టరు ఎందుకు? నువ్వుల జావ చేశాను, గుమ్మడి జావ చేశాను, నత్తగుల్లల జావ చేశాను. రెండు చెంచాలు తీసుకుని గిన్నె పక్కకు నెట్టేసేవారు. మంచం దిగడం మానేశారు. నలభై ఒక్క కిలోలకు దిగిపోయారు. ఒకరోజు గోడకేసి తిరిగి పడుకునే, "చాంగ్‌సాంగ్ ఊటనీళ్ళతో కోడి ఉడకబెట్టిన జావైతే తింటానేమో" అన్నారు.

ఆవిడ పుట్టింది ఆ చాంగ్‌సాంగ్ కొండల్లోనే. అక్కడి ఊట ఇనుప రుచితో నాలుక మీద చురచురలాడుతుంది, బండలన్నీ ఎర్రగా తుప్పు పట్టి ఉంటాయి. రెండు గంటల దారి. బస్సులో ఆవిడని తీసుకెళ్ళలేను, నాకు కారు లేదు.

కారున్నది పై అంతస్తులో ఉండే పేక్ గారికి. డెబ్బై రెండేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళు కారు సీట్ల కార్ఖానాలో తోలు కుట్టి రిటైరయ్యాడు. మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ఆయన పాత నల్ల కారులో ముందు డ్రైవరు పక్క సీటు మిగతా మూడింటిలా ఉండదు. అది ఆయన చేత్తో కుట్టింది. ఆయన భార్య పున్‌రే గారికి తుంటి ఎముక అరిగిపోయి ఏ కారులోనూ పావుగంట కూర్చోలేకపోయేవారు. రిటైరైన ఏడాది ఈయన బెరడు రంగు తోలు తెచ్చి, ఆవిడ నడుముకీ తుంటికీ కొలతలు తీసుకుని, లోపలి మెత్తలు మూడుసార్లు విప్పి కట్టి ఆ సీటు తయారుచేశాడు. ఆవిడ అందులో నాలుగేళ్ళు తిరిగారు. పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి దాంట్లో మనిషి కూర్చోవడం నేను చూడలేదు. ఏడాదికోసారి ఆవిడ తద్దినం రోజున మాత్రం సమాధి దగ్గర పెట్టే నైవేద్యం డబ్బాను ఆ సీట్లో పెట్టి, బెల్టు కట్టి, తీసుకెళ్తాడు. ఆ తద్దినం ఆ వచ్చే ఆదివారమే.

నేను బుధవారం పొద్దున వెళ్ళి విషయం సగం చెప్పానో లేదో, తాళం చెవి తెచ్చి చేతిలో పెట్టాడు.

"రివర్సులో కొంచెం గుర్రుమంటుంది. కంగారుపడకండి" అన్నాడు. సీటు గురించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆ వారమంతా అనుకున్నాను.

అత్తగారిని వెనక సీట్లో దుప్పట్లలో పడుకోబెట్టుకుని వెళ్ళాను. ఊట దగ్గర రెండు డబ్బాలు మాకు పట్టుకున్నాను. మరి కారు ఖాళీగా తిరిగివ్వడమా? గిన్నెకున్న మర్యాద కారుకుండదా? అక్కడే ఇరవై లీటర్ల కొత్త డబ్బా కొని, పేక్ గారి కోసం అంచుదాకా నింపాను. పక్కన జొన్నపొత్తులు ఉడికించి అమ్మే ఆవిడ చూస్తూ ఉంది.

"మూత అంత గట్టిగా బిగించకు తల్లీ. ఈ నీళ్ళు గాలి కక్కుతాయి" అంది.

"నాకు తెలుసులెండి" అన్నాను. నాకేమీ తెలియదు. ఇంకో తిప్పు తిప్పి బిగించాను.

డిక్కీలో మా డబ్బాలు, వెనక అత్తగారు. ఇక మిగిలింది ముందు సీటే. డబ్బాను అందులో కూర్చోబెట్టి, నైవేద్యానికి ఆయన కట్టినట్టే బెల్టు కట్టాను. మర్యాదగానే ఉందనిపించింది. అత్తగారికి చలి పుడుతోందని కారులో వేడి పెంచాను. కొండ దిగి మెయిన్ రోడ్డు ఎక్కామో లేదో ఢామ్మని పేలింది. మూత వెళ్ళి ముందు అద్దానికి తగిలింది, నీళ్ళు పైకప్పుదాకా ఎగిరి సీటు మీద కుమ్మరించుకున్నాయి. నేను బ్రేకు తొక్కగానే డబ్బా ముందుకు వంగి మిగిలింది కూడా పోసేసింది.

"ఎవరే పేల్చింది? యుద్ధమా?" అన్నారు వెనక నుంచి అత్తగారు. యుద్ధం చూసిన మనిషి కాబట్టి నిజంగానే అడిగారు.

"నీళ్ళత్తయ్యా, నీళ్ళు."

"నీళ్ళేగా. దానికి ఏడుపు గొంతెందుకు?"

ఏడుపు గొంతు ఎందుకో నాకు తెలుసు. రోడ్డు పక్కన ఆపి, నా మెడ గుడ్డతో, ఆవిడ దుప్పటితో, చివరికి నా స్వెట్టరుతో అద్దాను. పైన నిలిచిన నీళ్ళు పోయాయి గానీ తోలు మాత్రం తాగాల్సినంత తాగేసింది. అప్పుడు నేను చేసిన పని మా దేశంలో ఎవరైనా చేసేదే. మా ఇళ్ళలో పొయ్యి నేల కింద ఉంటుంది. తడిసిన బూట్లయినా, వానకు నానిన పుస్తకాలైనా, పండు మిరపకాయలైనా, జ్వరం వచ్చిన మనిషైనా, వెచ్చటి నేల మీద పడుకోబెడితే చాలు, బాగైపోతారు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ నాకు తెలిసిన వైద్యం అదొక్కటే. ఆ సీటు కింద వేడి తీగలున్నాయి, మీట ఉంది. మూడో గీత దాకా నొక్కేసి రెండు గంటలు అలాగే నడిపాను.

ఇంటికొచ్చేసరికి సీటు పొగలు కక్కుతోంది. కారును షాపు వెనక సందులో పెట్టి, కోట్లు ఆరబెట్టే వేడిగాలి మిషన్ తెచ్చి దానిమీదకు తిప్పాను. సాయంత్రానికి తడి పోయింది. తడి పోయాక అసలు సంగతి బయటపడింది. నీళ్ళు నిలిచిన చోటల్లా నీలం కలిసిన నలుపు మరక. దాని చుట్టూ ముదురు గీత. చేత్తో తడిమితే తోలు ఎండు పీతపెంకులా గట్టిగా ఉంది, ఒకవైపు కుట్టు దగ్గర ముడుచుకుపోయి కూడా ఉంది. మరకంటే నాకు పౌరుషం కదా, మరకల సబ్బు తెచ్చి రుద్దాను. నలుపు ఇంకాస్త పాకింది.

ఆ రాత్రి జావ చేశాను. అన్ని పాట్లు పడి తెచ్చిన నీళ్ళతో, కోడితో, వెల్లుల్లితో. అత్తగారు రెండు చెంచాలు తిన్నారు.

"నీళ్ళు అవే. నోరే అది కాదు" అని గిన్నె నెట్టేశారు. మామూలుగా అయితే నేను విసుక్కునేదాన్ని. ఆరోజు నాకు విసుక్కోవడానికి కూడా మొహం లేదు.

పేక్ గారికి ఫోన్ చేసి, కారు కడిగించి ఇస్తాను, ఇంకో రోజు ఉంచుకుంటానని అబద్ధం చెప్పాను. "ఆదివారం దాకా నాకు పనిలేదు. ఉంచుకోండి" అన్నాడు. తిట్టి ఉంటే ఎంత సుఖంగా ఉండేదో.

గురువారం పొద్దున కారు విడిభాగాల వీధికి తీసుకెళ్ళాను. అక్కడ నామ్‌గూ అనే యాభై ఏళ్ళ మనిషికి సీట్ల షాపు ఉంది. తలుపు తీసి చూశాడు. వంగి మరకను గోరుతో గీరాడు, వేలు వాసన చూశాడు.

"ఇనుము నీళ్ళా?" అన్నాడు.

"ఊటనీళ్ళు."

"ఇది ఫ్యాక్టరీ సీట్లకు వాడే రంగు పూత తోలు కాదక్కా. చెట్టు బెరడు రసంలో నెలల తరబడి ఊరబెట్టిన తోలు. బెరడు రసం, ఇనుము కలిస్తే సిరా అవుతుంది. మీరు సీటు మీద సిరా తయారుచేశారు." మళ్ళీ తడిమాడు. "పైగా ఉడకబెట్టారు."

"బాగుచెయ్యగలవా లేదా? ఉపన్యాసం తర్వాత."

అతను సీటు అంచు కుట్టు వెంబడి వేలు పోనిచ్చాడు. మూల దగ్గర ఆగాడు. అక్కడ కుట్టు రెండుసార్లు వెనక్కి వచ్చి ముడి లోపలికి దాక్కుని ఉంది. అది చూసి నిటారుగా నిలబడ్డాడు. నోట్లోని సిగరెట్టు తీసి అవతల పారేశాడు.

"ఈ మూల ఇలా తిప్పేది ఒక్కడే. నాకు సూది పట్టడం నేర్పింది ఆయనే. పేక్ మేస్త్రీ గారి కారు మీ చేతికెలా వచ్చింది?"

చెప్పాను. అంతా విని తలుపు మెల్లగా వేశాడు.

"నేను ముట్టుకోను. మీరు అరిచినా ముట్టుకోను. ఇది ఆయన పున్‌రే అమ్మగారి కోసం కుట్టింది. దీన్ని నిలబెట్టగలిగితే ఆయనే నిలబెట్టాలి. ఆయన్ని మీ పై అంతస్తులో పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నారేంటక్కా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు?"

"ఉన్న మొహమే పెట్టుకుని చెప్పండి. మరక ముదరకముందే చెప్పండి. ఇంకో రెండ్రోజులు పోతే ఆయన వల్ల కూడా కాదు."

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. మెట్లెక్కేసరికి ఒక్కటీ గుర్తులేదు. తలుపు తీసిన మనిషికి, "పున్‌రే గారి సీటు పాడుచేశాను" అని చెప్పాను. అంతే. అబద్ధం చెప్పానని కూడా చెప్పాను.

పేక్ గారు ఇంట్లో వేసుకునే చెప్పులతోనే కిందికి దిగి వచ్చాడు. కారు తలుపు తీసి సీటు మీదికి వంగాడు. నేను ఆయన వీపునే చూస్తున్నాను. ఆ సీటు పోతే ఆ మనిషికి ఏం మిగులుతుందో అప్పుడు నాకు పూర్తిగా తెలిసొచ్చింది. పున్‌రే గారి ఫోటోలు ఎవరైనా తీసి ఉంటారు, బట్టలు ఎక్కడో కొన్నవి. ఆవిడ నడుము వంపు మాత్రం ఈ ఒక్క చోటే ఉంది.

"హీటరు వేశారా?" అన్నాడు తిరక్కుండానే.

"వేశాను."

"ఎంతలో?"

"మూడులో."

"తర్వాత?"

"మిషన్‌తో వేడిగాలి కొట్టాను. తర్వాత సబ్బుతో రుద్దాను."

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అని నా ప్రాణం పోయింది. తిరిగి చూస్తే, నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఇంకేం మిగల్చలేదన్నమాట. ఇస్త్రీ చెయ్యలేదా?"

"అనుకున్నాను" అన్నాను. నిజంగానే అనుకున్నాను.

"హ్యోజిన్ వాళ్ళమ్మా, మీరు గుడ్డకు చేసేది తోలుకు చేశారు. అది గుడ్డ కాదు, చర్మం. మీ చెయ్యి తడిస్తే పెనం మీద పెట్టుకుంటారా?" అని, చొక్కా చేతులు మడిచాడు. "నాలుగు నిమ్మకాయలు తీసుకురండి. మీ ఆవిరి ఇస్త్రీలో ఏం నీళ్ళు పోస్తారు?"

"డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీల్లో పోసేది."

"ఎంతుంది?"

"మూడు డబ్బాలు."

"అన్నీ తీసుకురండి."

సీటు కింద తీగ ఊడదీసి, నాలుగు బోల్టులు విప్పాడు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని షాపు ముందు పందిరి కిందికి మోశాం. ఎండ తగలని చోటు చూసి చెక్కపెట్టెల మీద పెట్టించాడు. నిమ్మరసంలో నీళ్ళు కలిపి, గుడ్డ ముంచి పిండి, మరక మీద అద్దడం మొదలుపెట్టాడు. రుద్దలేదు. అద్ది, ఆగి, పొడిగుడ్డతో పీల్చి, మళ్ళీ అద్దాడు. నలుపు నీలమైంది, నీలం బూడిదైంది. గంటన్నరకు బూడిద రంగు కూడా పలచబడింది. ఇరవై ఏడేళ్ళలో ఎవరి చేతిలోనూ మరక అంత బుద్ధిగా దిగిపోవడం నేను చూడలేదు. చూస్తూ నేర్చుకుంటూ నోరు మూసుకుని కూర్చున్నాను, అది కూడా ఇరవై ఏడేళ్ళలో మొదటిసారే.

మరక పోయినా, తడి ఆగిపోయిన చోట ఏర్పడిన ముదురు గీత అలాగే ఉంది. పేక్ గారు డిస్టిల్డ్ వాటర్ డబ్బా మూత తీసి, పెద్ద స్పాంజి ముంచి, సీటు మొత్తం తడపడం మొదలుపెట్టాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేశాను.

"నీళ్ళ వల్లేగా పాడైంది. మళ్ళీ నీళ్ళా?"

"సగం తడిసింది కాబట్టి పాడైంది. తడి ఎక్కడ ఆగితే అక్కడ గీత పడుతుంది. ఈ కుట్టు నుంచి ఆ కుట్టు దాకా ఒకేలా తడిస్తే, ఒకేలా ఆరుతుంది. ఇక ఆగడానికి చోటుండదు, గీతా ఉండదు." కుట్ల మూలల్లోకి కూడా స్పాంజి పోనిచ్చాడు. "వేడి పెట్టకూడదు, ఎండ పెట్టకూడదు. నీడ, గాలి, ఓపిక. మీ దగ్గర మూడోది తప్ప మిగతావి ఉన్నాయి."

మాట పడటం నాకు అలవాటు లేదు. అయినా పడ్డాను. వేడి లేని ఫ్యానొకటి దూరంగా పెట్టి, రెండు గంటలకోసారి పొడిగుడ్డలు మార్చాను. శుక్రవారం పొద్దున నామ్‌గూ మేక కొవ్వుతో చేసిన లేపనం డబ్బా పట్టుకుని వచ్చి, గురువుకు నడుము వంచి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ పూటే పేక్ గారు తోలు నొక్కి చూసి, "సగం ఆరింది. ఇప్పుడు ఎవరైనా కూర్చోవాలి" అన్నాడు.

"కూర్చోవడమేంటి?"

"తోలు ఆరేటప్పుడు బిగుసుకుపోతుంది. పైన మనిషి ఉంటే, ఆ మనిషికి తగ్గట్టు బిగుస్తుంది. లేకపోతే దాని ఇష్టం వచ్చినట్టు ముడుచుకుంటుంది. మీరు వేడి పెట్టి ఒక మూల ఎలాగూ ముడిచేశారు."

"మీరే కూర్చోండి మరి."

"నా డెబ్బై ఎనిమిది కిలోలకు ఇది ఇంకోలా అయిపోతుంది." నన్ను ఎగాదిగా చూశాడు. "మీరూ వద్దు." నేను కోపం తెచ్చుకునేలోపే మెల్లగా అన్నాడు. "పున్‌రే నలభై రెండు కిలోలుండేది."

ఇద్దరం ఒకేసారి వెనక గదికేసి చూశాం.

మంచం దిగని మనిషిని షాపు ముందుకు తీసుకురావడం మామూలు పని కాదు. అత్తగారు ససేమిరా అన్నారు. "నేనేం గుడ్డల బొమ్మనా, సీటు మీద పెట్టి చూసుకోవడానికి?" అన్నారు. అప్పుడు పేక్ గారు గుమ్మం దగ్గరే నిలబడి, "పెద్దమ్మగారూ, మీ కోడలు నా సీటు పాడుచేసింది. మీరు అరగంట కూర్చుంటే గానీ బాగుపడదు" అన్నాడు. నన్ను తిట్టుకుంటూ లేచారు. నా మీద తప్పు మోపగానే ఆవిడకు ఎక్కడలేని సత్తువా వచ్చింది.

సీటు మీద మూడు మడతల నూలు దుప్పటి పరిచి, ఇద్దరం చేతులందించి కూర్చోబెట్టాం. ఆవిడ వెనక్కి ఆనారు. కాసేపు అటూ ఇటూ కదిలారు. కళ్ళు మూసుకున్నారు.

"ఓ అబ్బాయ్" అన్నారు, డెబ్బై రెండేళ్ళ ఆయన్ని. "ఇది కుట్టినవాడెవడో గానీ, నడుము నొప్పి అంటే ఏంటో తెలిసినవాడు."

పేక్ గారు కుట్టు అంచున లేని దారమేదో తెంపుతున్నట్టు కింద కూర్చుండిపోయాడు.

అలా శుక్రవారం రెండుసార్లు, శనివారం రెండుసార్లు. అరగంటని కూర్చోబెడితే గంటైనా లేచేవారు కాదు. నెలల తర్వాత వీధి చూస్తున్నారు కదా. ఎదురు చేపల కొట్టువాడి తూకం మోసమన్నారు. సైకిలు మీద వెళ్ళే పోస్ట్‌మ్యాన్‌ని పిలిచి పెళ్ళయిందా అని అడిగారు. పేక్ గారు పక్కన పీట వేసుకుని లేపనం రాస్తుంటే, "ఆ మూల వదిలేశావ్ అబ్బాయ్" అనేవారు. "అక్కడ రాశాను పెద్దమ్మా" అంటే, "రాస్తే నాకు కనపడదా?" అనేవారు. ముత్యాలు రాలతాయన్నట్టుండే మనిషి ఆ రెండు రోజుల్లో నేను పదేళ్ళలో విన్నదానికంటే ఎక్కువ మాట్లాడాడు. పున్‌రే గారు కారులో పాడుకునేవారట, శ్రుతి ఉండేది కాదట. దారి తప్పుగా చెప్పి, తప్పు రోడ్డుదే అనేవారట.

శనివారం మధ్యాహ్నం నేను లోపల ఇస్త్రీ చేస్తున్నాను. ఎదురు కొట్టు నుంచి చేపలు కాల్చే వాసన వస్తోంది.

"ఏమే" అని పిలిచారు అత్తగారు. "ఆ జావ ఉందా, పారబోశావా?"

"ఫ్రిజ్‌లో ఉందత్తయ్యా."

"వేడిచేసి పట్రా. ఈ అబ్బాయికీ ఒక గిన్నె పట్రా. ఒక్కదాన్నే తింటుంటే చూస్తూ కూర్చుంటాడా?"

తెచ్చాను. ఆ సీట్లో కూర్చునే, దుప్పటి మీద చుక్క పడకుండా, ఆవిడ గిన్నె మొత్తం తిన్నారు. చెంచాతో అడుగు గీకిన చప్పుడు వినిపించింది. నేను లోపలికెళ్ళి, ఆవిరి ఇస్త్రీ మీట నొక్కి, ఆ బుసబుసల చాటున ఏడ్చాను. నాకు దేవుళ్ళ మీద పెద్ద నమ్మకం లేదు. అయినా ఆ పూట ఎవరెవరికి దండం పెట్టుకున్నానో నాకే తెలియదు. మూత వదులుగా పెట్టమన్న జొన్నపొత్తుల ఆవిడకు, ముట్టుకోనన్న నామ్‌గూకి, సీటు కుట్టించుకున్న పున్‌రే గారికి. అందరికంటే ముందు, తిట్టకుండా నిమ్మకాయలు అడిగిన ఆ మనిషికి.

ఆదివారం తెల్లవారాక సీటు మళ్ళీ కారులోకి బిగించాం. ముడుచుకున్న మూల చాలావరకు సర్దుకుంది. తోలు పాత మెత్తదనం కంటే కాస్త గట్టిగానే ఉంది. కుట్టు దగ్గర అరచేయంత మేర తెల్లబడ్డ నీడ మిగిలింది. నేను దాన్నే చూస్తుంటే, "మీకు తప్ప ఎవరికీ కనపడదు" అన్నాడు పేక్ గారు. అది నిజం కాదు. ఆయనకూ కనపడుతుంది.

ఆయన నైవేద్యం డబ్బా పెట్టి బెల్టు కడుతుంటే, నేను మా తెల్ల గిన్నెలో గుమ్మడి అట్లు వేసి మూతపెట్టి ఇచ్చాను. "పున్‌రే గారికి నా తరఫున పెట్టండి. క్షమించమని చెప్పండి."

సాయంత్రం ఆయన తిరిగొచ్చి గిన్నె ఇచ్చాడు. శుభ్రంగా కడిగి ఉంది. మూత తీశాను. లోపల ఏమీ లేదు.

మా మెట్ల మీద పదేళ్ళుగా ఉన్న మనిషి. ఒక్క పండైనా, ఒక్క రొట్టె ముక్కైనా వేసి గిన్నె ఇవ్వాలని ఆయనకు తెలియక కాదు. అంటే మనసులో ఉంచుకున్నాడన్నమాట, పైకి నవ్వాడంతే అనుకున్నాను. నా మొహం మాడిపోయింది. ఆయన అది చూడనట్టే తాళం చెవి జేబులో వేసుకుని, మెట్లు సగం ఎక్కి ఆగాడు.

"ఈసారి నీళ్ళకు వెళ్ళేటప్పుడు పెద్దమ్మని వెనక పడుకోబెట్టకండి, నడుము పట్టేస్తుంది. ముందు కూర్చోబెట్టండి" అన్నాడు. "డబ్బా డిక్కీలో పెట్టండి. మూత వదులుగా."

ఆయన పైకి వెళ్ళిపోయాడు. నేను ఖాళీ గిన్నె పట్టుకుని లోపలికొచ్చి అత్తగారికి చూపించాను. "చూశారా? సీటు ఇస్తాడట. గిన్నె మాత్రం ఇలా ఇచ్చాడు."

ఆవిడ గిన్నెలోకి చూశారు, నా మొహంలోకి చూశారు.

"నువ్వు అన్నం పెట్టిన గిన్నె నేను నీకు తిరిగిచ్చేటప్పుడు, ఎప్పుడైనా ఏమైనా వేసి ఇచ్చానా?"

"మీరెందుకేస్తారు? మనిల్లు కదా."

"మరదే" అన్నారు అత్తగారు. "ఆ గిన్నె లోపల పెట్టి, నాకు జావ పొయ్యి."